కడగని రీలుని డైరెక్ట్‌గా స్కానర్‌లో పెడితే ఫోటోలు వస్తాయా?

పెన్నా_గట్టు (నెల్లూరు, మూలాపేట)
అన్నలకి అక్కలకి నమస్తే. ఫిల్ము కెమెరాల సంగతి తెలిసినోళ్ళు ఇక్కడ ఉండారని అడుగుతున్నా. మా నాయన కెమెరా బ్యాగులో కడగని రీళ్ళు దొరికినాయి. రెండు కోనికా కలర్‌వి, 35 ఎంఎం, ఆయన యాషికా ఎంఎఫ్-2లో వాడినవి. ఇంకోటి ఇందు బ్లాక్ అండ్ వైట్, కాగితం చుట్టి ఉండే పెద్ద రీలు, అది అంతకుముందు ఉన్న క్లిక్ త్రీ కెమెరాది అయి ఉండాలి. అన్నీ ముప్పై ఏళ్ళ పైమాటే. నాయన ఇప్పుడు లేడు, అమ్మ మాత్రం వాటిల్లో ఏముందో చూడాలని రోజూ అడుగుతా ఉంది.
ట్రంకు రోడ్డులో తెలిసిన ఫోటో షాపులన్నీ తిరిగినా, రీలు కడిగే మిషన్లు ఎప్పుడో తీసేశామన్నారు. నా దగ్గర నెగెటివ్‌లు స్కాన్ చేసే ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఉంది. నా డౌటు ఏందంటే, కెమెరా నొక్కినప్పుడే బొమ్మ రీలు మీద పడిపోయి ఉంటాది కదా, కడగడం అంటే దాన్ని కంటికి కనపడేటట్టు చెయ్యడమే కదా, మరి కెమికల్స్ లేకుండా నేరుగా స్కానర్ మీద పరిచి తర్వాత సాఫ్ట్‌వేర్‌లో కాంట్రాస్ట్ బాగా పెంచుకుంటే రాదా? ఈ ఆదివారం ఒక రీలుతో ట్రై చేద్దామని.

స్టూడియో_మామ (కావలి)
అబ్బయ్యా ఆగు. రీలు బయటికి లాగబాకు, ఒక్క ఇంచి కూడా లాగబాకు. స్కానర్ మీద పెట్టినావంటే ఆ నిమిషంతో అయిపోయినట్టే, తర్వాత ఎవురూ ఏమీ చెయ్యలేరు. స్కానర్ లైటు దాకా కూడా అక్కర్లేదు, నువ్వు గదిలో ట్యూబులైటు కింద డబ్బీలోంచి లాగితేనే మొత్తం పోతాది. కెమెరాలో ఆ ఫిల్ము వెలుగు చూసింది సెకనులో నూట పాతికో వంతు, అంతే. నీ స్కానర్ నిమిషాల తరబడి దీపం తిప్పుతాది దాని మీద.
ఇంకోటి, ఎర్ర బల్బు కింద ఏం కాదులే అనుకోబాకు. ఎర్ర లైటు ప్రింటు కాగితానికే. ఈ ఫిల్ములు ఎరుపుని కూడా చూస్తాయి, కటిక చీకటి కావాల.

పెన్నా_గట్టు
సరే మామా, ముట్టుకోను. కానీ నాకు అర్థం కాలా, బొమ్మ పడి ఉంటే అది ఎందుకు కనపడదు? లైటు తగిలితే పోయేంత సున్నితం అంటే ఏదో ఒకటి ఉండాదనే కదా అందులో?

కెమిస్ట్రీ_అక్క (ఒంగోలు)
మంచి ప్రశ్న తమ్ముడూ, దీనికి కాస్త వివరంగా చెప్పాలి. ఫిల్ము మీద జిలాటిన్ పొరలో వెండి హాలైడ్ స్ఫటికాలు ఉంటాయి, ఎక్కువగా సిల్వర్ బ్రోమైడ్, కొంచెం అయొడైడ్. చాలా వరకు మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) అటూ ఇటూ సైజు. వెలుగు తగిలిన స్ఫటికంలో జరిగేదల్లా ఏంటంటే కొన్ని వెండి అయాన్లు ఎలక్ట్రాన్‌ని పట్టుకుని వెండి పరమాణువులుగా మారి ఒక చోట చేరతాయి. నాలుగు చేరినా చాలు ఆ స్ఫటికం కడగడానికి తయారైనట్టే. దీన్ని మొదట సరిగ్గా వివరించింది గర్నీ, మాట్ అనే ఇద్దరు, 1938లో. ఇప్పుడు చూడు, ఒక స్ఫటికంలో వెండి అయాన్లు వంద కోట్ల లెక్కలో ఉంటాయి, అందులో నాలుగైదు మారాయి. వెలుగు తగిలిన స్ఫటికానికీ తగలని స్ఫటికానికీ ఉన్న తేడా అంతే. దాని రంగు మారలేదు, నలుపెక్కలేదు, వెలుగుని ఎక్కువ ఆపడం లేదు. స్కానర్ కొలిచేది వెలుగు ఎంత ఆగింది, ఎంత దాటింది అనే కదా. అక్కడ తేడానే లేకపోతే దేని కాంట్రాస్ట్ పెంచుతావు?
పాల గిన్నెలు వరసగా పెట్టి కొన్నిట్లో మాత్రం చుక్క తోడు వేసిన వెంటనే చూస్తే అన్నీ పాలే. ఏది పెరుగయ్యేదో తెలియాలంటే తోడుకోనివ్వాల్సిందే. డెవలపర్ అనే కెమికల్ చేసే పని అదే, ఆ నాలుగు పరమాణువుల చుక్క ఉన్న స్ఫటికాన్ని పట్టుకుని మొత్తం వెండిగా మార్చేస్తది. అంటే దాదాపు వంద కోట్ల రెట్లు పెంచుతోంది. బొమ్మని "బయటికి తేవడం" కాదు తమ్ముడూ, కంటికి కనపడే బొమ్మ పుట్టేదే అక్కడ. తర్వాత హైపో అనే ఇంకో కెమికల్‌లో మిగిలిన హాలైడ్ కరిగిపోతే అప్పుడు వెలుగులోకి తేవచ్చు. అందుకే డెవలపర్ కంటే ముందు హైపోలో వేస్తే ఫిల్ము తెల్లగా గాజులా వచ్చేస్తది, ఏమీ మిగలదు.

గూడూరు_నిమ్మకాయ్
అక్కా నాదొక ఐడియా, తప్పయితే చెప్పండి. స్కానర్ అయితే నిమిషాలు పడతాది కాబట్టి పాడవుతాది అంటున్నారు. అదే కటిక చీకట్లో కెమెరా పెట్టి ఒక్క ఫ్లాష్, సెకనులో పదివేలో వంతు, ఒకే ఒక్క ఫోటో తీసుకుంటే? ఫిల్ము ఎటూ పాడవుతాది, కానీ పాడయ్యే లోపల మనకి ఒక కాపీ వచ్చేస్తాది కదా. దాన్ని ఏఐకి ఇస్తే సన్న తేడాలు కూడా పట్టేస్తాది, ఇప్పుడు పాత ఫోటోలు ఎంత బాగు చేస్తా ఉండాయి చూడండి.

కెమిస్ట్రీ_అక్క
ఫ్లాష్ ఎంత చిన్నదైనా కనపడేది అదే తమ్ముడూ, మసక పొర, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే. పాడయ్యే లోపల పట్టేద్దాం అంటే పట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు. నిజానికి ఫ్లాష్ కొట్టాక కూడా ఫిల్ము చూపుకి అలానే ఉంటది, పాడైన సంగతి కూడా కడిగితేనే తెలుస్తది.
ఏఐ మాట మాత్రం గట్టిగా చెప్తా. మసకగా ఉన్న దాన్ని అది ఊహించి నింపుతుంది. అసలు లేని దాని మీద పెడితే ఒక మనిషి మొహం తయారు చేసి ఇస్తుంది. వాళ్ళమ్మకి ఆ మొహం చూపించి ఇది నాన్న తీసిన ఫోటో అని చెప్తామా? అది ఎవరో. అంతకంటే ఖాళీ ఫిల్ము నయం.

స్టూడియో_మామ
అక్క మాటే నా మాట.

సూళ్ళూరుపేట_రాకెట్
నేను శ్రీహరికోట పక్కనే పుట్టి పెరిగినోణ్ణి, నాకు రాకెట్ల పిచ్చి, అందుకని అటువైపు నుంచి చెప్తా. 1959 అక్టోబర్‌లో రష్యావాళ్ళ లూనా 3 చంద్రుడి అవతలి వైపు మొట్టమొదట ఫోటోలు తీసింది. ఫిల్ము మీదే తీసింది. ఫిల్ము వెనక్కి రాదు, కాబట్టి అక్కడే స్కాన్ చేసి రేడియోలో పంపాలి. మరి వాళ్ళేం చేశారు? ఆ చిన్న వాహనంలోనే ఫిల్ము కడిగి, హైపో చేసి, ఆరబెట్టి, ఆ తర్వాత సన్నని వెలుగు చుక్కతో గీత గీతగా స్కాన్ చేసి పంపారు. అంత దూరం ప్రతి గ్రామూ లెక్కేసుకునే చోట కెమికల్స్ మోసుకుపోయారంటే కడగకుండా చదివే దారి లేదనేగా. 1966, 67లో అమెరికావాళ్ళ లూనార్ ఆర్బిటర్లు ఐదూ అంతే, కొడాక్ బైమాట్ అని కెమికల్‌లో నానబెట్టిన ఒక పట్టీని ఫిల్ముకి అంటించి పైనే కడిగేసేవి, తర్వాతే స్కానింగు. స్కాన్ చెయ్యడం కొత్తేమీ కాదు బ్రదర్, కడగకుండా స్కాన్ చెయ్యడమే యాడా జరగలా.

చీరాల_ఫ్రేమ్
నేను ఇప్పటికీ ఫిల్ము మీదే తీస్తా, ఇంట్లోనే కడుక్కుంటా, అందుకని ఒక పాయింటు కలుపుతా. కడగడం పూర్తవ్వకుండా స్కాన్ చేసిన సిస్టం ఒకటి నిజంగా ఉండేది. 2000 ఆ ప్రాంతంలో అమెరికాలో అప్లైడ్ సైన్స్ ఫిక్షన్ అనే కంపెనీ, ఫిల్ము మీద డెవలపర్ పూసి, బొమ్మ ఎక్కుతా ఉండగానే ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో స్కాన్ చేసేది. హైపో లేదు, నీళ్ళు లేవు, స్కాన్ అయిపోయాక ఫిల్ము పారెయ్యడమే. డిజిటల్ కెమెరాలు వచ్చేశాయి, అది నిలబడలా. కానీ చూడండి, అక్కడ కూడా డెవలపర్ తప్పలా.
నా ప్రశ్న ఏంటంటే అక్కా, ఆ ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ముకి కనపడదు కదా, ఫిల్ము ఫ్యాక్టరీల్లో కూడా ఇన్‌ఫ్రారెడ్ గాగుల్స్ పెట్టుకుని పని చేస్తారు. మరి డెవలపర్ లేకుండా ఇన్‌ఫ్రారెడ్‌తోనే చూస్తే ఫిల్ము కనీసం పాడవకుండా అయినా ఉంటదా?

కెమిస్ట్రీ_అక్క
తక్కువ వెలుగులో కాసేపు అయితే ఫిల్ముకి ఏం కాదు, అందుకే ఫ్యాక్టరీల్లో వాడతారు. కానీ నాలుగు పరమాణువుల చుక్క ఇన్‌ఫ్రారెడ్‌లోనూ కనపడదు. పైగా గట్టిగా ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ పడితే ఇంకో నష్టం ఉంది, హెర్షెల్ ఎఫెక్ట్ అంటారు, ఆ పొడుగు తరంగాల వెలుగు వెండి చుక్కలోంచి ఎలక్ట్రాన్లని లాగేసి ఆ చుక్కనే చెరిపేస్తది. మామూలు వెలుగేమో కొత్తది రాసి పాడు చేస్తది, ఇది ఉన్నది తుడిచి పాడు చేస్తది.
ఎలాగూ అడుగుతారు కాబట్టి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ సంగతి కూడా చెప్పేస్తా. ఎలక్ట్రాన్ కిరణం తగిలితే ఆ స్ఫటికం అక్కడే విరిగిపోయి వెండి అవుతది. పైగా ఫిల్ము తయారు చేసేటప్పుడే సున్నితం పెంచడానికి గంధకం, బంగారం సమ్మేళనాలతో ప్రతి స్ఫటికం మీదా చిన్న చుక్కలు పుట్టిస్తారు, వాటిల్లో ఏది కెమెరా వేసింది, ఏది ఫ్యాక్టరీ వేసింది అని విడదీయడం ఒక్క స్ఫటికానికే కష్టం. ఒక్క ఫ్రేములో ఎన్ని కోట్ల స్ఫటికాలు ఉంటాయో.

అద్దంకి_ఎండ
అందరూ కుదరదు కుదరదు అంటున్నారు కానీ కడగకుండా స్కాన్ చేసేది ఒకటి ఉంది, నేను చేశాను. సోలార్‌గ్రఫీ అంటారు. కూల్‌డ్రింక్ టిన్నుకి సూది బెజ్జం పెట్టి లోపల బ్లాక్ అండ్ వైట్ ప్రింటు కాగితం పెట్టి మేడ మీద పిట్టగోడకి కట్టేశా, సంక్రాంతికి కట్టి దసరాకి విప్పా. సూర్యుడు రోజూ పోయిన దారి ఒక్కో గీతలాగా పడింది, మబ్బు పట్టిన చోట గీత తెగింది. దాన్ని కడగలేదు, నేరుగా స్కానర్‌లో పెట్టి రంగులు తిప్పితే నీలంగా చాలా బాగా వచ్చింది.

కెమిస్ట్రీ_అక్క
అవును, అది నిజమే, బాగా గుర్తు చేశారు. అక్కడ నెలల తరబడి ఎండే డెవలపర్ పని చేసేస్తది, వెండి కంటికి కనపడేంత పోగవుతది, కాబట్టి స్కానర్‌కి చదవడానికి ఏదో ఉంది. స్కానర్ వెలుగుకి ఆ కాగితం కూడా కొంచెం మాడుతది, కాబట్టి ఒకేసారి మంచి రిజల్యూషన్‌లో చేసేసుకోవాలి. కెమెరాలో నూట పాతికో వంతు సెకను వెలుగు చూసిన ఫిల్ముకి ఇది వర్తించదు.

మార్కాపురం_పలక
మా ఇంట్లో బీరువాలో కవర్లలో గోధుమరంగు పట్టీలు ఉన్నాయి, వెలుగుకి పెట్టి చూస్తే మనుషులు దెయ్యాల్లా తిరగబడి కనిపిస్తారు. మీరు చెప్పేదంతా చదివాక వాటిని వెలుగులో చూసి పాడు చేశామా అని భయం పట్టుకుంది.

చీరాల_ఫ్రేమ్
లేదు లేదు, అవి కడిగిన నెగెటివ్‌లు. హాయిగా స్కాన్ చేసుకోండి. 35 ఎంఎం ఫ్రేము 24 ఇంటూ 36 మిల్లీమీటర్లు, 2400 డీపీఐలో (అంగుళానికి 2400 చుక్కలు) స్కాన్ చేస్తే 7.7 మెగాపిక్సెల్ వస్తది, ఇంట్లో ప్రింట్లకి అది చాలు. ఒక్క జాగ్రత్త, స్కానర్‌లో దుమ్ము తీసే ఇన్‌ఫ్రారెడ్ ఆప్షన్ ఉంటే కలర్ వాటికే పెట్టండి, బ్లాక్ అండ్ వైట్‌లో వెండి ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపేస్తది కాబట్టి బొమ్మనే దుమ్ము అనుకుని చెరిపేస్తది. వేళ్ళతో మధ్యలో పట్టుకోవద్దు. పులుపు వాసన వస్తుంటే మాత్రం ముందు వాటినే చేసేయండి, ఫిల్ము కింద ఉండే ప్లాస్టిక్ బేసు పాడైపోతా ఉన్నట్టు.

పెన్నా_గట్టు
అర్థమైంది. స్కానర్ ఆలోచన మానుకున్నా. ఇప్పుడు అసలు విషయం చెప్పండి, ఇన్నేళ్ళు మన నెల్లూరు ఎండల్లో అటక మీద ఉన్న రీళ్ళు, కడిగితే మాత్రం ఏమన్నా వస్తాదా?

సూళ్ళూరుపేట_రాకెట్
ఆశ వదులుకోబాకు అన్నా. 1897లో ఆండ్రే అనే స్వీడన్ ఆయన ఇద్దరిని వెంటబెట్టుకుని బెలూన్‌లో ఉత్తర ధ్రువానికి పోతా మంచులో పడిపోయి ముగ్గురూ చచ్చిపోయారు. 1930లో వాళ్ళ సామాను దొరికింది, అందులో ఫిల్ము ఉంది. స్టాక్‌హోమ్‌లో జాన్ హెర్ట్జ్‌బర్గ్ అనే ఆయన జాగ్రత్తగా కడిగితే 240 ఫ్రేముల్లో 93 దక్కినాయి. 33 ఏళ్ళ తర్వాత! కూలిన బెలూన్ పక్కన మనుషులు నిలబడి ఉన్నది కూడా వచ్చింది.

స్టూడియో_మామ
అది మంచులో ఉండింది నాయనా, మనది మే నెలలో 40 దాటే ఊరు, దానికి తోడు సముద్రపు గాలి. వేడికీ చెమ్మకీ రెండు జరుగుతాయి, ఆ వెండి చుక్కలు కొంత అరిగిపోతాయి, వెలుగు తగలని స్ఫటికాలు వాటంతటవే చెడి కడిగినప్పుడు నలుపెక్కుతాయి, దాన్నే ఫాగు అంటాం. బొమ్మ తగ్గి ఫాగు పెరుగుతాది. అయినా ఏమీ రాదని చెప్పను. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము గట్టిది, ఇందు రీలులో ఏదో ఒకటి వస్తాదని నా నమ్మకం. ఆ ఫిల్ము ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళది, మా స్టూడియోలో ఏళ్ళ తరబడి వాడినాం. కాకపోతే కాగితం చెమ్మకి అంటుకుని ఉంటాది, విప్పేటప్పుడు బలవంతంగా పీకితే పొర లేచొస్తాది, చీకట్లో నిదానంగా చెయ్యాల.

చీరాల_ఫ్రేమ్
కోనికా రీళ్ళ డబ్బీ మీద ఏ ప్రాసెస్ (కడిగే పద్ధతి) అని రాసి ఉందో చూడు బ్రో. సి-41 అని గానీ సీఎన్‌కే-4 అని గానీ ఉంటది, రెండూ ఒకటే, ఇప్పటికీ కడిగేవాళ్ళు చెన్నై, హైదరాబాదు, బెంగళూరులో ఉన్నారు. అది మన అదృష్టం, కొడాక్రోమ్ అనే కొడాక్ కలర్ ఫిల్ము అయితే 2010 డిసెంబర్ 30 తర్వాత తీసుకునే ల్యాబే లేదు ప్రపంచంలో. నా సలహా, ఒకటి కలర్‌లోనే కడిగించు. రంగులు అటూ ఇటూ పోయినా స్కాన్ చేశాక సరిచెయ్యొచ్చు.

స్టూడియో_మామ
నేను ఒప్పుకోను తమ్ముడూ. సి-41 అంటే 38 డిగ్రీల్లో మూడుంపావు నిమిషం, మిషన్ దాని పని అది చేసుకుపోతాది, పాత ఫిల్ము కదా అని చూడదు. మూడు రంగుల పొరలూ మూడు రకాలుగా చెడి ఉంటాయి, బూడిద రంగు బురదలాగా వస్తాది. అదే కలర్ రీలునే బ్లాక్ అండ్ వైట్ డెవలపర్‌లో, ఫాగు తక్కువ వచ్చే హెచ్‌సీ-110 లాంటి దాంట్లో, ఫాగు తగ్గించే బెంజోట్రయజోల్ కాస్త కలిపి కడిగితే మనుషుల మొహాలు నిలబడతాయి. రంగు పోతే పోయింది, మొహం ముఖ్యం.

పెన్నా_గట్టు
మామా మీరు చెప్పేది సబబే, కానీ అమ్మ అడిగేది ఒక్కటే, మా అక్క తన నిశ్చితార్థం నాడు కట్టుకున్న చీర అందులో ఉండాదా అని. రంగు వస్తే బాగుండు.

స్టూడియో_మామ
అట్టయితే ఒక పని చెయ్యి. ముందు రెండు కోనికాలనీ ముట్టుకోబాకు. ఇందు రీలు కడిగి చూద్దాం, నీ ఇంట్లో ఎండకి ఫిల్ము ఎంత చెడిందో దాంతో ఒక అంచనా వస్తాది. ఫాగు తక్కువ ఉంటే ఒక కోనికా కలర్‌కి పంపు. ఎక్కువ ఉంటే నా మాట విను.

చీరాల_ఫ్రేమ్
ఇది బాగుంది మామా, నేనూ ఒప్పుకుంటా. ఇందులో కూడా ఒకేసారి రీలంతా వేసెయ్యకుండా చీకట్లో చివర చిన్న ముక్క కత్తిరించి కడిగి టైము చూసుకుందాం. ఒక ఫ్రేము పోవచ్చు కానీ మిగతా పదకొండూ బతుకుతాయి.
పెన్నా బ్రో, ఈలోపు రీళ్ళని గాలి పోని కవర్లో సిలికా జెల్ పొట్లంతో పెట్టి ఫ్రిజ్‌లో పెట్టు, ఫ్రీజర్‌లో కాదు. బయటికి తీసినప్పుడు గదిలో వేడి పట్టే దాకా కవరు విప్పొద్దు, విప్పితే చెమ్మ పడుతుంది.

గూడూరు_నిమ్మకాయ్
తర్వాత చెన్నైకి పంపాలంటే కొరియర్‌లో వెయ్యొచ్చా? ఎక్స్‌రే అంటారు కదా.

చీరాల_ఫ్రేమ్
విమానంలో పోయే పార్సిల్‌కి ఎక్స్‌రే తగలొచ్చు, ఇప్పటికే ఫాగు ఉన్న ఫిల్ముకి ఆ కాస్త కూడా ఎందుకు. ఎయిర్‌పోర్టుల్లో కొత్తగా వచ్చిన సీటీ స్కానర్లు అయితే ఇంకా ప్రమాదం, ఫిల్ము కంపెనీలే చేత్తో చూడమని అడగండి అంటున్నాయి. మనకి పినాకిని ఎక్స్‌ప్రెస్ ఉంది, ఎక్కి చేత్తో తీసుకుపోవడం మేలు. చెన్నైలో మెట్రో ఎక్కితే మాత్రం బ్యాగు ఎక్స్‌రేలో వేస్తారు, రీళ్ళు తీసి చేతికిచ్చి ఇది కడగని ఫిల్ము అని చెప్పు.

కెమిస్ట్రీ_అక్క
మామా, మీరు కడిగేది కావలిలోనే అయితే నీళ్ళ సంగతి చూసుకోండి. ఇప్పుడు కుళాయి నీళ్ళే 30 దాటి ఉంటాయి, బ్లాక్ అండ్ వైట్ 20 డిగ్రీలకి లెక్క. పాత జిలాటిన్ వేడి నీళ్ళలో ఉబ్బి బేసు మీంచి జారిపోతది.

స్టూడియో_మామ
తెలుసమ్మా, ఎండాకాలం పెళ్ళిళ్ళ సీజన్‌లో రాత్రి పూటే కడిగేవాళ్ళం, ట్రే చుట్టూ ఐసు గడ్డలు పేర్చి. గట్టిపడటానికి క్రోమ్ ఆలమ్ కూడా వేసేవాళ్ళం, అది ఇంకా నా దగ్గర ఉంది. డెవలపర్ మాత్రం పాతది వాడను, చీరాల తమ్ముడు కొత్తది తెస్తానంటే సరే.

చీరాల_ఫ్రేమ్
హెచ్‌సీ-110 కొత్త సీసా ఉంది మామా, ట్యాంకు, వెలుగు పోని చేంజింగ్ బ్యాగు కూడా తెస్తా. పెద్ద రీలుకి సరిపోయే, ఫిల్ము చుట్టే స్పైరల్ ఉంది.

పెన్నా_గట్టు
మీ ఇద్దరికీ ఎట్టా రుణపడాలో తెలీడం లేదు. ఆదివారం పొద్దున ఇందు రీలు ఒక్కటే తీసుకుని కావలి వస్తా. ఇంకేమన్నా తేవాలా మామా?

స్టూడియో_మామ
సాయంత్రం రా అబ్బయ్యా, రాత్రి పూట కడుగుదాం, పగలు ఎండకి నీళ్ళు చల్లగా నిలవవు. వచ్చేటప్పుడు రెండు క్యాన్లు ఫిల్టర్ నీళ్ళు, ఐసు గడ్డలు తెచ్చుకో. థర్మామీటర్ నా దగ్గర ఉండాది.